అద్దెకిచ్చే ఇల్లు కొనేముందు వేయాల్సిన లెక్క

"ఫ్లాటు 60 లక్షలు చెబుతున్నారు, నెలకు 25 వేలు అద్దె వస్తుందట, తీసుకోవచ్చా?" అంకెలు మారతాయంతే, ప్రశ్న మాత్రం ఇదే వస్తూ ఉంటుంది. ఆ రెండు అంకెలతోనే జవాబు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఎవరైనా ఠక్కున "తీసుకోండి" అన్నారంటే, ఈ అమ్మకంలో వాళ్లకు కమిషన్ ఉందేమో కనుక్కోండి. జవాబు కావాలంటే ఇంకో పదీ పన్నెండు అంకెలు చేతికి రావాలి. అవి రాబట్టడం ఎలాగో, ఏ వరుసలో పెట్టాలో, ఎక్కడ తప్పు దొర్లుతుందో కింద చూడండి.

మొదటి ఇల్లు కొంటున్నవాళ్లు 1 నుంచి 9 దాకా వరుసగా వెళ్లండి. ఇప్పటికే రెండు మూడు ఇళ్లున్నవాళ్లు 7, 8, 10 మెట్ల దగ్గర కాసేపు ఆగండి. అనుభవం ఉన్నవాళ్లు ఎక్కువగా జారేది అక్కడే.

ఉదాహరణలోని అంకెలు ఏ కరెన్సీలోవైనా అనుకోండి. వడ్డీ రేట్లు, ఫీజులు, పన్నులు చోటును బట్టి మారతాయి కాబట్టి మీ దగ్గరివి వేసుకోండి. పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఇదే.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- ప్రస్తుతం అద్దెకున్నవాళ్ల ఒప్పందం కాపీ
- యజమాని ఖాతాలో అద్దె జమైనట్టు చూపే 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్
- ఆ ఇంటి 12 నెలల కరెంటు బిల్లులు (ఎందుకో రెండో మెట్టులో చెబుతాను)
- ఆస్తి పన్ను రసీదు, మెయింటెనెన్స్ బిల్లు, బకాయిలు లేవని సొసైటీ ఇచ్చిన కాగితం
- కనీసం ఇద్దరు రుణదాతల దగ్గర రాతపూర్వకంగా తీసుకున్న వడ్డీ రేటు, గడువు, ఫీజుల వివరాలు
- ఇల్లు చూసిన మేస్త్రీ లేదా ప్లంబర్ చెప్పిన రిపేర్ల అంచనా
- ఒక స్ప్రెడ్‌షీట్. లేకపోతే కాగితం, కాలిక్యులేటర్ చాలు

పత్రాలు, హక్కుల పరిశీలన వేరే పని, అది లాయరు చేయాలి. అయితే లాయరు దగ్గరికి వెళ్లేముందే ఈ లెక్క వేసేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, లాయరుకు ఫీజుంది. లెక్క మొదట, లాయరు తర్వాత, అడ్వాన్సు ఆఖర్న. ఈ వరుస తిరగబడిందా, అడ్వాన్సు పోతుందన్న భయంతో మనకు తెలియకుండానే అంకెల్ని సర్దేస్తాం.

1. మొత్తం పెట్టుబడి ఎంతో తేల్చండి

చెప్పిన ధర పెట్టుబడి కాదు. దానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, బ్రోకర్ కమిషన్, లాయరు ఫీజు, లోను ప్రాసెసింగ్ ఫీజు, అద్దెకు ఇచ్చేలోపు చేయించాల్సిన రిపేర్లు అన్నీ కలపాలి.

మన ఉదాహరణ:
- ధర: 60,00,000
- కొనుగోలు ఖర్చులు (7% అనుకుందాం): 4,20,000
- రంగులు, బాత్రూమ్ రిపేర్లు, కిచెన్ అల్మారాలు: 1,80,000
- మొత్తం: 66,00,000

ఇక నుంచి ఏ రాబడి శాతం కట్టినా ఈ 66 లక్షల మీదే. 60 మీద కడితే మొదటి మెట్టులోనే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టు.

ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉందా? అయితే తాళాలు చేతికొచ్చేదాకా మీరు కట్టబోయే వడ్డీ కూడా ఇందులోకే వస్తుంది. బిల్డరు చెప్పిన గడువుకు మరో ఏడాది కలిపి వేసుకోండి.

2. నిజంగా వచ్చే అద్దె ఎంతో పట్టుకోండి

అమ్మేవాళ్లు చెప్పే అద్దెలో మూడు రకాల తేడాలుంటాయి. రావాల్సిన అద్దెను వస్తున్న అద్దెగా చెప్పడం ఒకటి. ఒప్పందంలో ఎక్కువ అంకె రాసి ఒకటి రెండు నెలలు ఉచితంగా వదిలేయడం ఇంకొకటి. మూడోది కాస్త గడుసుది: అమ్మకానికి పెట్టే ముందు తెలిసినవాళ్లనే ఎక్కువ అద్దెకు దించుతారు, రిజిస్ట్రేషన్ అయిన మూడో నెలలో వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు.

అందుకని ఇలా చూడండి.

మొదట బ్యాంకు స్టేట్‌మెంట్లో 12 నెలల జమలు లెక్కపెట్టండి. పన్నెండుండాలి. తొమ్మిదే ఉంటే మిగతా మూడింటి సంగతి అడగండి. "క్యాష్ ఇచ్చారు" అంటే ఆ మూడూ రాలేదనే అనుకోండి.

తర్వాత కరెంటు బిల్లులు. మనుషులున్న ఇంట్లో నెలనెలా యూనిట్లు కాస్త అటూ ఇటూగా నడుస్తాయి. ఖాళీ ఇంట్లో దాదాపు సున్నాకు పడిపోతాయి. ఉదాహరణకు 180, 195, 210, 6, 4, 5, 170 అని కనిపిస్తే మధ్యలో మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉందన్నమాట. అద్దె ఒప్పందంలో ఏం రాసి ఉన్నా మీటరుతో వాదించలేం.

ఆఖరున, అదే భవనంలోనో పక్క వీధిలోనో అంతే విస్తీర్ణమున్న మూడు ఇళ్లకు అద్దెకు కావాలంటూ ఫోన్ చేయండి. వాళ్లు చెప్పే అంకె కాదు, ఒకసారి బేరమాడాక ఎంతకు దిగారన్నది రాసుకోండి. నెల క్రితం పెట్టిన ప్రకటన ఇంకా కనిపిస్తోందంటే ఆ అద్దె ఎక్కువనే అర్థం.

ఇవన్నీ చూశాక వచ్చిన అంకెల్లో అన్నిటికన్నా తక్కువది వాడండి. మన ఉదాహరణలో 25,000 నిజమేనని తేలింది. ఏడాదికి 3,00,000. ధర మీద చూస్తే 5%. బ్రోకర్లు చెప్పే రాబడి ఇదే, దీని పేరు స్థూల రాబడి. ఇక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

3. ఖాళీ నెలలు తీసేయండి

ఏ ఇల్లూ ప్రతి ఏడాదీ పన్నెండు నెలలూ అద్దె ఇవ్వదు. ఒకరు వెళ్లి మరొకరు దిగేలోపు సున్నాలు, రంగులు, వెతుకులాట, వాళ్ల ముహూర్తాలు అన్నీ కలిసి రెండు నెలలు పడతాయి. రెండేళ్లకోసారి మనుషులు మారతారనుకుంటే ఏడాదికి సగటున ఒక నెల పోయినట్టు.

3,00,000 − 25,000 = 2,75,000.

షాపులు, ఆఫీసు స్థలాలైతే ఒక నెల చాలదు. అవి ఖాళీ అయితే నెలల తరబడి ఖాళీగానే ఉంటాయి. ఏడాదికి రెండు నెలలు తీసేయడం నయం. అద్దె ఎక్కువొస్తుందని షాపుల వైపు వెళ్లేవాళ్లు ఈ తేడా మరిచిపోతుంటారు.

4. ఖర్చులు ఒక్కొక్కటీ రాయండి

ఇక్కడ అడ్డదారి వద్దు. "ఖర్చులకు అద్దెలో 10% తీసేస్తే సరిపోతుంది" అని ఎవరైనా అంటే వినకండి. పాత ఇంటికీ కొత్త ఇంటికీ, లిఫ్టున్న భవనానికీ లేనిదానికీ ఒకే శాతం ఎలా సరిపోతుంది?

రిపేర్ల అంకె ఎలా కట్టాలో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఇంట్లో ఏ వస్తువు ఎన్నేళ్లకోసారి మార్చాలి, ఎంతవుతుంది అని రాసి, ఖర్చును ఏళ్లతో భాగించండి:

- రంగులు: 60,000, ఆరేళ్లకోసారి. ఏడాదికి 10,000
- బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్: 40,000, పదేళ్లకోసారి. ఏడాదికి 4,000
- గీజరు, కుళాయిలు, ఫిట్టింగులు: 20,000, ఎనిమిదేళ్లకోసారి. ఏడాదికి 2,500
- చిల్లర రిపేర్లు (స్విచ్చి, తాళం, పైపు లీకేజీ): ఏడాదికి 7,500

మొత్తం 24,000. ఈ ఏడాది అంత ఖర్చు కాకపోవచ్చు. కానీ ఆరో ఏట రంగులకు 60 వేలు ఒక్కసారే కావాలి కదా. మిగిలిందని వాడేసుకుంటే ఆ రోజు జేబులోంచి తీయాలి.

ఇప్పుడు మిగతావి కలుపుదాం:

- రిపేర్ల నిధి: 24,000
- సొసైటీ మెయింటెనెన్స్ (నెలకు 2,000, యజమాని వాటా): 24,000
- ఆస్తి పన్ను: 12,000
- బీమా: 4,000
- మనుషులు మారినప్పుడయ్యే ఖర్చు: 20,000

చివరిది ఎలా వచ్చిందంటే, రెండేళ్లకోసారి బ్రోకరుకు ఒక నెల అద్దె 25,000, శుభ్రం చేయించి మరకలు, బెజ్జాలు పూడ్పించడానికి 15,000. మొత్తం 40,000లో సగం ఒక ఏడాదికి.

ఏడాది ఖర్చు: 84,000.

మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే కడతారు కదా అంటారు కొందరు. ఒప్పందంలో అలా ఉంటే సరే, తీసేయండి. కానీ ఖాళీ నెలల్లో కట్టేది మీరే. లిఫ్టు మార్చడానికో భవనానికి రంగులు వేయించడానికో సొసైటీ ఒక్కసారిగా వసూలు చేసేదీ యజమానుల దగ్గరే. సొసైటీ పెద్ద పనుల కోసం దాచే కార్పస్ ఫండ్‌లో ఎంతుందో అడిగి తెలుసుకోండి. భవనానికి పదిహేనేళ్లు దాటి, ఫండ్ దాదాపు ఖాళీగా ఉందంటే పెద్ద వసూలు ముందుందని అర్థం. దాన్ని మొదటి మెట్టులోని పెట్టుబడిలో కలపండి.

ఇల్లు ఉన్న ఊళ్లో మీరు ఉండకపోతే, చూసుకునేవాళ్లకిచ్చే జీతమో కమిషనో కూడా రాయాలి. "మా బావమరిది చూసుకుంటాడు" అనేది ఒక ఏడాదికి సరే. పదేళ్ల లెక్కకు పనికిరాదు.

5. నికర రాబడి కట్టండి

2,75,000 − 84,000 = 1,91,000.
1,91,000ను 66,00,000తో భాగిస్తే 2.9%.

5% అన్న ఇల్లు 2.9%కి దిగింది. ఇందులో మోసమేమీ లేదు, ఇప్పటిదాకా రాయని ఖర్చులు రాశామంతే. ఇది ఆదాయపు పన్నుకు ముందు అంకె. పన్ను సంగతి ఆఖర్న ఆడిటరుతో చూసుకోండి, రెండు ఇళ్లను పోల్చడానికి ఈ అంకె సరిపోతుంది.

పోల్చడమంటే ఎలాగో చూపిస్తాను. ఇంకో ఇల్లుందనుకోండి. పాతది, రెండు పోర్షన్లు. ధర 40,00,000, కొనుగోలు ఖర్చులు 2,80,000, రిపేర్లకు 3,20,000, మొత్తం 46,00,000. పోర్షన్లకు 13 వేలు, 12 వేలు. అంటే అద్దె ఫ్లాటుతో సమానంగా 25,000. ఖాళీ నెల తీసేస్తే 2,75,000. ఖర్చులు: రిపేర్లకు 45,000 (పాతిల్లు కదా), మనుషుల మార్పిడికి 20,000, పన్ను 10,000, మోటారు, మెట్ల లైట్లకు 6,000, బీమా 4,000. కలిపి 85,000. మిగిలేది 1,90,000. అంటే 4.1%.

ఫ్లాటు చూడ్డానికి బాగుంటుంది, ఈ ఇల్లు బాగోదు. చేతికి మిగిలేది మాత్రం రెండిట్లోనూ ఇంచుమించు ఒకటే, పెట్టుబడి మాత్రం 20 లక్షలు తక్కువ. పైగా ఒక పోర్షన్ ఖాళీ అయినా రెండోది నడుస్తుంది.

6. అప్పు కలిపి చూడండి

ఫ్లాటుకు 40 లక్షలు అప్పు, వడ్డీ 9%, గడువు 20 ఏళ్లు అనుకుందాం. మిగతా 26 లక్షలు మీవి.

స్ప్రెడ్‌షీట్‌లో పీఎంటీ (PMT) అనే ఫార్ములా ఈఎంఐ (నెలవారీ వాయిదా) ఎంతో లెక్కగట్టి ఇస్తుంది. మొదట నెల వడ్డీ (9%ని 12తో భాగించి), తర్వాత నెలలు (240), తర్వాత అప్పు మొత్తం ఇవ్వాలి. ఎక్కువమంది చేసే తప్పులు రెండు: శాతం గుర్తు లేకుండా ఉత్త 9 వేయడం, 12తో భాగించడం మరిచిపోవడం. వచ్చిన అంకె సరైనదో కాదో చూడ్డానికి ఒక చిన్న చిట్కా ఉంది. మొదటి నెల వడ్డీ ఒక్కటే 40 లక్షల మీద 30,000. ఈఎంఐ అంతకన్నా తక్కువ వస్తే ఎక్కడో తప్పు పడింది.

ఈఎంఐ 35,989. ఏడాదికి దాదాపు 4,31,900. ఇందులో మొదటి ఏడాది వడ్డీకి పోయేది సుమారు 3,57,000, అసలులోకి పడేది 75,000 మాత్రమే.

ఇంటి నుంచి మిగిలేది 1,91,000, కట్టాల్సింది 4,31,900. తేడా 2,40,900. అంటే నెలకు 20 వేలు మీ జీతంలోంచి వేస్తూ ఉండాలి. "అద్దెతో ఈఎంఐ కట్టుకుపోతుంది" అన్న మాట ఎంతవరకు నిజమో ఇక్కడ తెలిసిపోతుంది.

ఇప్పుడు పాతింటికి వేయండి. అక్కడా మీ సొంత డబ్బు 26 లక్షలే, అప్పు 20 లక్షలు. ఈఎంఐ దాదాపు 17,995, ఏడాదికి 2,15,900. మిగిలేది 1,90,000. తేడా ఏడాదికి 26 వేలు, నెలకు 2,200 లోపు. చేతిలోంచి తీసిన డబ్బు ఒకటే, అద్దె ఒకటే. ఒకటి నెలకు 20 వేలు అడుగుతుంది, రెండోది రెండు వేలు.

నికర రాబడి శాతం వడ్డీ శాతం కన్నా తక్కువగా ఉన్నంత కాలం, అప్పు పెంచినకొద్దీ నెలవారీ లోటు పెరుగుతుంది. 2.9% ఇచ్చే వస్తువును 9%కి అప్పు తెచ్చి కొంటున్నాం మరి. తప్పని కాదు, ధర పెరుగుదల మీద పందెం కాస్తున్నామని తెలిసి చేయాలి. ఆ పందెం ఎంత పెద్దదో ఎనిమిదో మెట్టులో తేలుతుంది.

7. వడ్డీ పెరిగితే ఏమవుతుందో చూసుకోండి

ఫ్లోటింగ్ రేటు (మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండే వడ్డీ) అయితే ఈ మెట్టు వదలకండి. రేటు 9 నుంచి 11కి వెళ్లిందనుకోండి. 40 లక్షలకు ఈఎంఐ 41,288 అవుతుంది. నెలకు 5,300 అదనం. 20 లక్షలకైతే 2,650.

"ఈఎంఐ మార్చొద్దు, గడువు పెంచండి" అని రాసిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడే చిక్కుంది. 40 లక్షల మీద 11% అంటే నెల వడ్డీయే 36,667. మీరు కట్టే పాత ఈఎంఐ 35,989. వడ్డీకే చాలడం లేదు. ఇక గడువు ఎంత పెంచినా అప్పు తీరదు, పెరుగుతుంది. అప్పు తీసుకున్న కొత్తల్లో రేటు పెరిగితే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అసలు ఇంకా కదిలి ఉండదు. రేటు పెరిగినట్టు సందేశం వచ్చిన ప్రతిసారీ మిగిలిన అప్పును కొత్త వడ్డీతో గుణించి 12తో భాగించండి. మీ ఈఎంఐ దానికి దగ్గర్లో ఉంటే వెంటనే ఈఎంఐ పెంచమనండి, లేదా కొంత అసలు కట్టేయండి.

ఇళ్లు మూడు నాలుగు ఉండి అన్నీ ఒకే ఫ్లోటింగ్ రేటుకు ముడిపడి ఉన్నవాళ్లు ఈ లెక్కను ఇంటికొకటిగా వేయకూడదు. అన్నీ కలిపి ఒకేసారి వేయాలి. రేటు పెరిగేది అన్నిటికీ ఒకే రోజు.

ఇంకో పని: ఆరు నెలల ఈఎంఐ, ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోండి. ఫ్లాటుకైతే (36,000 + 7,000) × 6, అంటే రెండున్నర లక్షల పైనే. ఇది 26 లక్షలకు అదనం. డౌన్ పేమెంటుకే ఖాతా ఊడ్చేస్తే మొదటి ఖాళీ నెలలోనే పర్సనల్ లోను వైపు చూడాల్సి వస్తుంది.

8. ధర ఎంత పెరిగితే గిట్టుబాటవుతుందో కట్టండి

ఏడేళ్ల తర్వాత ఫ్లాటు అమ్మేస్తామనుకుందాం. అద్దె పెంపు, పన్నులు ప్రస్తుతానికి పక్కన పెడదాం.

- ఏడేళ్లకు మిగిలి ఉండే అప్పు: దాదాపు 33,03,000
- మీరు పెట్టింది: 26,00,000 + ఏడేళ్ల లోటు 16,86,000 = 42,86,000
- రెండూ కలిపి: 75,89,000
- అమ్మేటప్పుడు ఖర్చులు 2% అనుకుంటే అమ్మాల్సిన ధర: సుమారు 77,40,000

అంటే 60 లక్షల ధర ఏటా 3.7% చొప్పున పెరిగితే మీ డబ్బు మీకు తిరిగొస్తుంది. లాభం లేదు, ఏడేళ్లు పోయాయి.

అదే డబ్బు వేరేచోట 8% సంపాదిస్తుందనుకుంటే, దానితో సమానం కావాలంటే ఎంతకు అమ్మాలి? 26 లక్షలు 8% చక్రవడ్డీతో ఏడేళ్లలో 44.6 లక్షలవుతాయి. ఏటా వేసిన లోటు కూడా అలాగే పెరిగితే 21.5 లక్షలు. అప్పు 33 లక్షలు. అమ్మకం ఖర్చులతో కలిపి 101 లక్షలకు అమ్మాలి. అంటే ఏటా 7.7% పెరగాలి.

ఇప్పుడు ప్రశ్న సూటిగా ఉంది: ఈ ప్రాంతంలో, ఈ వయసున్న భవనంలో, వరసగా ఏడేళ్లు 7.7% పెరుగుతుందా? పెరుగుతుందని నమ్మడానికి మీ దగ్గర ఏముంది? పక్కవాళ్లు అడుగుతున్న ధరలు ఆధారం కావు. రిజిస్టరైన అమ్మకాల విలువలు, అదే భవనంలో నాలుగైదేళ్ల తేడాతో అమ్ముడైన రెండు ఫ్లాట్లు దొరికితే అవి ఆధారం.

"15 ఏళ్లలో మూడింతలైంది" అని గొప్పగా చెబుతారు. చక్రవడ్డీలో అది ఏటా 7.6%. పదేళ్లలో రెట్టింపు అంటే 7.2%. ఏడేళ్లలో రెట్టింపు అంటే 10.4%. ఈసారి ఎవరైనా "ఇన్ని ఇంతలు" అన్నప్పుడు శాతంలోకి మార్చి చూడండి, మాటలో వేడి తగ్గుతుంది.

ఖాళీ స్థలం కొంటున్నవాళ్లకు అద్దె లేదు కాబట్టి నేరుగా ఈ మెట్టుకే రావచ్చు. కంచె, కాపలా, పన్ను ఏటా అయ్యే లోటుగా రాసుకోండి.

9. తలకిందులుగా కట్టి మీ ధర తెలుసుకోండి

బేరానికి కూర్చునే ముందు, మీకు కావాల్సిన రాబడితో మొదలుపెట్టి ధరకు రండి. కనీసం 4% నికర రాబడి కావాలనుకుంటే 1,91,000 ÷ 0.04 = 47,75,000. అందులోంచి రిపేర్ల 1,80,000 తీసేస్తే 45,95,000. కొనుగోలు ఖర్చులు 7% కాబట్టి 1.07తో భాగించండి. వచ్చేది దాదాపు 42,94,000.

వాళ్లు అడుగుతున్నది 60. ఇది బేరంతో పూడే గొయ్యి కాదు. అద్దె కోసమైతే ఈ ఫ్లాటు పక్కన పెట్టేయొచ్చు. తేడా 5 నుంచి 8 శాతం లోపు ఉంటే అప్పుడు గట్టిగా బేరమాడండి, మేస్త్రీ ఇచ్చిన రిపేర్ల అంచనా కాగితం బల్ల మీద పెట్టండి. ఉత్త "తగ్గించండి" కన్నా "బాత్రూముల్లో చెమ్మ ఉంది, ఇదిగో అంచనా" అంటే మాట నిలబడుతుంది.

10. ఇప్పటికే ఉన్న ఇళ్లకు ఏడాదికోసారి ఇదే లెక్క వేయండి

ఎప్పుడో 20 లక్షలకు కొన్న ఇల్లు ఇప్పుడు 60 పలుకుతోంది, నికరంగా 1,90,000 మిగులుతోంది. యజమాని "నాకు 9.5% వస్తోంది" అంటాడు. 20 మీద నిజమే. కానీ ఈ రోజు అమ్మితే ఖర్చులు, పన్ను పోను 55 చేతికొస్తుందనుకోండి, ఆ 55 లక్షలు ఇప్పుడు సంపాదిస్తున్నది 3.5% మాత్రమే. అమ్మేయమని కాదు. ఉంచుకోవడం కూడా ప్రతి ఏడాదీ మీరు తీసుకుంటున్న నిర్ణయమే కాబట్టి, ఇవాళ్టి విలువతో చూడండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*అడ్వాన్సును ఆదాయంగా రాయడం.* అద్దెకున్నవాళ్లిచ్చిన డిపాజిట్ తిరిగివ్వాల్సిన అప్పు. ఇల్లు కొనేటప్పుడు అమ్మినవాళ్ల దగ్గరున్న ఆ డిపాజిట్ మీకు బదిలీ చేయించుకోవాలి, లేకపోతే అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసిన రోజు మీ జేబులోంచే ఇవ్వాల్సి వస్తుంది.

*అసలు చెల్లింపును ఖర్చుల్లో కలపడం.* నెలనెలా చేతిలో ఉండే డబ్బు చూసేటప్పుడు ఈఎంఐ మొత్తం తీసేయాలి. లాభనష్టాలు చూసేటప్పుడు అసలు భాగం ఖర్చు కాదు, మీ వాటా పెరగడం. ఈ రెండు లెక్కల్నీ కలిపేస్తే మంచి ఇల్లు చెడ్డగా, చెడ్డది మంచిగా కనిపిస్తుంది.

*ఫర్నిచర్ పెట్టి అద్దె పెంచి, అరుగుదల మరిచిపోవడం.* సోఫా, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా నాలుగో మెట్టులోని పట్టికలోకి రావాలి.

*రెండు ఇళ్లను విస్తీర్ణంతో పోల్చడం.* ఒకరు కార్పెట్ ఏరియా (ఇంటి లోపల గోడల మధ్య నేల) చెబుతారు, ఇంకొకరు మెట్లు, కారిడార్ల వాటా కూడా కలిపిన అంకె. టేపు తీసుకెళ్లి గదులు మీరే కొలవండి, అరగంట పని.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

స్థూల, నికర రాబడుల మధ్య తేడా చూడండి. తేడా దాదాపు లేకపోతే ఏదో ఖర్చు రాయలేదు. ఎక్కువగా తప్పిపోయేవి ఖాళీ నెలలు, రిపేర్ల నిధి.

అద్దెను 10% తగ్గించి మళ్లీ కట్టండి. మన ఫ్లాటులో మిగులు 1,91,000 నుంచి 1,63,500కి పడుతుంది, అంటే 14% పైనే. మిగులు కూడా సరిగ్గా పది శాతమే తగ్గిందంటే, అద్దె తగ్గినా తగ్గని ఖర్చుల్ని (పన్ను, బీమా, మెయింటెనెన్స్) మీరు అద్దెలో శాతంగా వేశారు. వాటిని విడిగా రాయండి.

నికర మిగులును ఏడాది ఈఎంఐతో భాగించండి. ఫ్లాటుకు 0.44, పాతింటికి 0.88. ఒకటి కన్నా తక్కువ అంటే ఇల్లు తన అప్పు తాను మోయలేదు. అద్దె ఆదాయాన్నే చూసి అప్పిచ్చేవాళ్లు సాధారణంగా 1.2 పైన అడుగుతారు.

చివరగా, లెక్క కాగితం ఈ వ్యవహారంలో కమిషన్ లేని ఒకరికిచ్చి ప్రతి అంకె పక్కనా "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని రాయమనండి. బిల్లు, స్టేట్‌మెంటు, రాతపూర్వక అంచనా చూపించగలిగినవాటికి టిక్కు పెట్టండి. "ఆయన చెప్పాడు" అనేవాటి చుట్టూ సున్నా చుట్టండి. సున్నాలు మూడు దాటితే ఇంకా అడ్వాన్సు ఇవ్వకండి, ముందు ఆ కాగితాలు తెప్పించండి.